కదిలే చిట్టెలుక మెదడును చూడటం: తల బిగించాలా, మినీస్కోప్ పెట్టాలా?

తర్వాత చదివేవాళ్ళ కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్తాను. మీరు పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నారు. ఒక చిట్టెలుక పెట్టెలో తిరుగుతూ నీళ్ళు ఏ మూల దొరుకుతాయో నేర్చుకుంటుంది. కొన్ని రోజుల తర్వాత ఆ చోటు దానికి గుర్తుందా లేదా అని చూస్తారు. ఈ మొత్తం కాలంలో, చోటునూ జ్ఞాపకాన్నీ చూసుకునే హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంలో, సీఏ1 అనే చోట ఉన్న న్యూరాన్లను (నాడీకణాలను) ఇమేజింగ్ చెయ్యాలి, అంటే అవి పని చేస్తుండగా మైక్రోస్కోప్‌తో చిత్రాలు తీయాలి. ల్యాబ్‌లో టూ-ఫోటాన్ మైక్రోస్కోప్ ఎలాగూ ఉంది కాబట్టి తల బిగించి దాని కింద చెయ్యమని మీ గైడ్ అంటున్నారు. మినీస్కోప్ (తల మీద మోసే బుల్లి మైక్రోస్కోప్) పెట్టి స్వేచ్ఛగా తిరగనివ్వమని మీ సీనియర్ అంటున్నారు. ఏది మంచిది అన్నది మీ మొదటి ప్రశ్న. తెర మీద కణం మెరిసినప్పుడు అది నిజంగా మెదడు చేసిన పనేనని ఎలా నమ్మాలి అన్నది రెండోది.

నేను రెండో ప్రశ్న నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మొదటి దానికి జవాబు అందులోంచే వస్తుంది. మత్తులో ఉన్న జంతువును ఇమేజింగ్ చేసేటప్పుడు మెదడు దాదాపు కదలదు. మెలకువగా, పని చేస్తున్న జంతువులో మీరు చూడాలనుకున్నది ఆ పనినే, అంటే కదలికనే. చిత్రాన్ని పాడుచేసేదీ ఆ కదలికే. నాకినప్పుడు, పరుగెత్తినప్పుడు, ఉలిక్కిపడినప్పుడు న్యూరాన్లు పని చేస్తాయి, సరిగ్గా అదే క్షణంలో మెదడు కూడా పుర్రెలో కొన్ని మైక్రాన్లు జరుగుతుంది. రెండూ ఒకే సమయంలో వస్తాయి కాబట్టి గ్రాఫ్ చూసి విడదీయలేం. విడదీసే ఏర్పాటు ప్రయోగం మొదలవ్వకముందే ఉండాలి. ఈ రంగంలో ఇన్నేళ్ళు పని చేశాక నేను గట్టిగా చెప్పగలిగింది ఇదే: ప్రవర్తనతో కలిసి వచ్చిన ప్రతి మెరుపునూ ముందు కదలిక అనే అనుమానించండి, కాదని తేలాకే న్యూరాన్ అనండి.

మీరు చూస్తున్న మెరుపు ఏమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. న్యూరాన్ స్పైక్ (క్షణికమైన విద్యుత్ పల్స్) కొట్టినప్పుడు కాల్షియం లోపలికి వస్తుంది. జీక్యాంప్ అనే ప్రోటీన్ ఆ కాల్షియాన్ని పట్టుకుని ఎక్కువ ఆకుపచ్చగా వెలుగుతుంది. దీన్ని 2001లో జపాన్‌లో నకాయ్, ఓకురా, ఇమోతో తయారు చేశారు. జెల్లీఫిష్ నుంచి వచ్చిన, ఆకుపచ్చగా వెలిగే జీఎఫ్‌పీ అనే ప్రోటీన్‌ను మధ్యలో తెరిచి, ఒక చివర కాల్షియాన్ని పట్టుకునే కాల్మోడ్యులిన్‌ను, ఇంకో చివర ఎం13 అనే పెప్టైడ్‌ను అతికించారు. కాల్షియం వచ్చినప్పుడు ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఆ బిగింపుకి జీఎఫ్‌పీ వెలుగు పెరుగుతుంది. మొదట్లో సిగ్నల్ బలహీనం. 2013లో జనీలియా పరిశోధన కేంద్రం నుంచి జీక్యాంప్6 వచ్చాక చిన్న ల్యాబ్‌లు కూడా నమ్మకంగా వాడటం మొదలుపెట్టాయి. ఇప్పుడు జీక్యాంప్8 కుటుంబం ఉంది, అది రెండు మిల్లీసెకన్లలోనే సగం ఎత్తుకు లేవగలదు.

అంటే మీకు కనిపించేది స్పైక్ కాదు, స్పైక్ వదిలిన జాడ. జీక్యాంప్6లో నెమ్మది రకమైన 6ఎస్‌లో ఒక్క స్పైక్ తర్వాత వెలుగు సగానికి తగ్గడానికి సుమారు అర సెకను పడుతుంది, వేగమైన రకం 6ఎఫ్‌లో సుమారు 140 మిల్లీసెకన్లు. చిట్టెలుక సెకనుకు ఆరేడు సార్లు నాకుతుంది. కాబట్టి 6ఎస్ వాడుతూ 'ఈ కణం మూడో నాకుడుకి స్పందించింది' అని చెప్పడం కుదరదు. 'నాకడం మొదలైన సమయంలో స్పందించింది' అనే వరకే చెప్పగలరు. పెద్ద ప్రాంతాన్ని ఒకేసారి చూసే మామూలు సెటప్‌లో విడిగా వచ్చే ఒక్కో స్పైక్‌లో చాలా వరకు కనిపించకుండానే పోతాయి కూడా. గుంపుగా వచ్చే స్పైక్‌లే స్పష్టంగా తెలుస్తాయి. వెలుగు లేనంత మాత్రాన న్యూరాన్ ఊరుకుందని రాయకండి. సమీక్షకులు మొదట పట్టుకునేది ఇలాంటి వాక్యాన్నే, అది న్యాయం కూడా.

ఇక పరికరాల సంగతి. రెండు ఫోటాన్లు దాదాపు ఒకే క్షణంలో ఒక అణువును తాకితే అది రెండింటినీ కలిపి పీల్చుకోగలదని మరియా గోపర్ట్ మేయర్ 1931లోనే సిద్ధాంతంగా చెప్పారు. దాన్ని మైక్రోస్కోప్‌గా మార్చింది 1990లో డెంక్, స్ట్రిక్లర్, వెబ్. జీక్యాంప్‌కి సాధారణంగా 920 నానోమీటర్ల దగ్గర లేజర్ పెడతాం. కంటికి కనిపించని ఈ పరారుణ కాంతి కణజాలంలో తక్కువ చెదురుతుంది. పైగా రెండు ఫోటాన్లు కలిసే అవకాశం కాంతి సాంద్రత వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఫోకస్ ఉన్న బిందువు దగ్గర మాత్రమే వెలుగు పుడుతుంది. పైనా కిందా ఉన్న కణాలు ఆ మెరుపులో కలవవు. మబ్బు లేని చిత్రం రావడానికి కారణం ఇదే. కానీ లోతు పరిమితం. మామూలుగా అర మిల్లీమీటరు దాటాక కష్టం మొదలవుతుంది, సీఏ1 మాత్రం మెదడు పైభాగం నుంచి ఒక మిల్లీమీటరుకు పైగా కింద ఉంటుంది. అందుకే పైనున్న కార్టెక్స్ (మెదడు పైపొర) కొంత తీసేసి అక్కడ గాజు అడుగున్న చిన్న గొట్టం అమర్చాలి. త్రీ-ఫోటాన్‌తో కార్టెక్స్ తీయకుండానే సీఏ1 చూడొచ్చని 2017లో చూపించారు, ఆ లేజర్ మీ దగ్గర ఉంటే అదృష్టమే.

తల బిగించి, కాళ్ళకు మాత్రం స్వేచ్ఛ ఇచ్చే పద్ధతిని 2007లో డోంబెక్, ట్యాంక్ బృందం బాగా చూపించింది. గాలి మీద తేలే తేలికైన బంతి మీద చిట్టెలుక పరుగెడుతుంది, తల మైక్రోస్కోప్ కింద స్థిరంగా ఉంటుంది. తర్వాత చుట్టూ తెర పెట్టి వర్చువల్ రియాలిటీ జోడించారు, 2010లో సీఏ1 ప్లేస్ సెల్స్‌ను (జంతువు ఫలానా చోట ఉన్నప్పుడు పని చేసే కణాలను) కణం కణంగా చూశారు. దీని లాభాలు మీ గైడ్‌కు తెలిసినవే: చిత్రం శుభ్రంగా ఉంటుంది, ప్రతి ట్రయల్ మీ చేతిలో ఉంటుంది, కంటిపాపను, ముఖాన్ని కెమెరాతో దగ్గర నుంచి చూడొచ్చు.

కానీ మీ ప్రశ్న చోటు గురించి. తల తిప్పలేని జంతువుకి లోపలి చెవి నుంచి రావలసిన సమాచారం రాదు. శరీరాన్ని బిగించిన వర్చువల్ ప్రపంచంలో రాట్‌ల (పెద్ద ఎలుకల) హిప్పోక్యాంపస్ కణాలు రెండు దిశల్లో విస్తరించిన చోటును సరిగా గుర్తించలేదని మెహతా బృందం చూపించింది. అదే శరీరాన్ని గుండ్రంగా తిరగనిచ్చిన సెటప్‌లో ప్లేస్ సెల్స్, గ్రిడ్ సెల్స్ (చోటును గడుల నమూనాలో గుర్తించే కణాలు) మామూలుగానే కనిపించాయని 2014లో ఆరోనోవ్, ట్యాంక్ చూపించారు. ఒకే గీత మీద ముందుకు పరుగెత్తే దారి అయితే తల బిగించినా ఫరవాలేదు. పెట్టెలో మూలలు వెతకడం అయితే ఫరవా ఉంది. మీ ప్రవర్తన రెండో రకం.

మినీస్కోప్‌కి వద్దాం. స్టాన్‌ఫర్డ్‌లోని ష్నిట్జర్ బృందం 2011లో 1.9 గ్రాముల మైక్రోస్కోప్‌ను చిట్టెలుక తల మీద పెట్టి చూపించింది. తర్వాత యూసీఎల్ఏ బృందం తమ డిజైన్లను అందరికీ ఉచితంగా ఇచ్చేసింది, అందువల్ల చాలా ల్యాబ్‌లకు ఈ పద్ధతి అందింది. ఆ ఉదారత లేకపోతే నాలాంటివాళ్ళు చాలామంది ఈ పని చేసి ఉండేవాళ్ళు కాదు. పెద్దయిన చిట్టెలుక బరువు 20 నుంచి 30 గ్రాములు. తల మీద రెండు మూడు గ్రాములు అంటే చిన్న బరువేం కాదు, కానీ వారం రోజులు డమ్మీ బరువు పెట్టి అలవాటు చేస్తే మెడ కండరాలు సర్దుకుంటాయి. బరువు కంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది కేబుల్. అది మెలిపడి ఒక వైపు లాగుతుంటే చిట్టెలుక ఎప్పుడూ ఒకే వైపు తిరుగుతుంది, మీరు దాన్ని ఇష్టం అనుకుని రాసేస్తారు. కేబుల్‌ను తిప్పే కమ్యూటేటర్ మీద ఖర్చు తగ్గించుకోకండి.

మినీస్కోప్‌లో సాధారణంగా సింగిల్-ఫోటాన్ వెలుగు. అంటే ఫోకస్‌కి పైనా కిందా ఉన్నదంతా కూడా వెలుగుతుంది. తెర మీద పాలపొగలాంటి నేపథ్యం, దాంట్లో కొన్ని గుండ్రటి మచ్చలు మిణుకుమంటాయి. ఒక మచ్చలో పక్క కణం వెలుగు కూడా కలిసి ఉంటుంది. దీన్ని విడదీయడానికి సీఎన్ఎమ్ఎఫ్-ఈ లాంటి పద్ధతులున్నాయి, బాగానే పని చేస్తాయి. కానీ అవి ఇచ్చిన ప్రతి 'కణాన్నీ' కళ్ళతో చూసి ఆమోదించాలి. కొన్నిసార్లు రక్తనాళం అంచు కూడా కణంలా బయటికొస్తుంది. తల మీద పెట్టే చిన్న టూ-ఫోటాన్ మైక్రోస్కోపులూ వచ్చాయి. 2017లో పెకింగ్ విశ్వవిద్యాలయం నుంచి 2.15 గ్రాములది, 2022లో ట్రాన్‌హైమ్‌లోని మోజర్ల కేంద్రం నుంచి మినీ2పీ అనేది. రెండు పద్ధతుల మంచీ కలిసిన దారి అది, అయితే మొదటి ప్రాజెక్టుకు నేను సలహా ఇవ్వను. లేజర్, ఫైబర్, అలైన్‌మెంట్ నేర్చుకునేసరికే ఒక ఏడాది గడిచిపోతుంది.

ఇప్పుడు నాకు జరిగినది చెప్తాను, ఎందుకంటే పైన రాసిన అనుమానం నాకు ఎవరో నేర్పింది కాదు. తల బిగించిన చిట్టెలుక, టూ-ఫోటాన్, శబ్దం వినిపించాక నాకితే తీపి నీళ్ళు. కొన్ని వారాల శిక్షణ తర్వాత చాలా అందమైన ఫలితం కనిపించింది. చుక్క నీరు వచ్చిన ప్రతిసారీ కొన్ని కణాల వెలుగు ఒక్కసారిగా పడిపోతోంది, నాకడం ఆగగానే మళ్ళీ లేస్తోంది. 'బహుమతి వల్ల అణిగే న్యూరాన్లు' అని పేరు పెట్టుకుని, బొమ్మలు గీసి, ల్యాబ్ మీటింగ్‌లో చూపించాను. పక్కన కూర్చున్న ఒక టెక్నీషియన్ ఒకే మాట అడిగారు: "ఆ కణాలన్నీ పైపొరలో సన్నగా ఉన్నవేనా?" వెళ్ళి చూశాను. పడిపోయినవన్నీ ఫోకస్ తలం అంచున సగమే చిక్కుకున్న కణాలు.

జరిగింది ఏమిటంటే, నాకేటప్పుడు దవడ కండరాలు లాగి మెదడు నిలువుగా కొన్ని మైక్రాన్లు కుంగుతోంది. కణం వెడల్పే పది, పదిహేను మైక్రాన్లు. అంచున ఉన్న కణం ఆ కొద్ది కుంగుబాటుకే ఫోకస్ నుంచి జారిపోతుంది, వెలుగు పడిపోతుంది. పక్కకు జరిగితే సాఫ్ట్‌వేర్ ఫ్రేములను తిరిగి సరిపెడుతుంది. పైకీ కిందకీ జరిగితే ఆ సమాచారం చిత్రంలోనే ఉండదు, సరిపెట్టడానికి ఏమీ మిగలదు. తర్వాత కాల్షియానికి స్పందించని మామూలు జీఎఫ్‌పీ ఎక్కించిన చిట్టెలుకలో అదే పని చేయించాం. అందులోనూ అదే 'అణిగే న్యూరాన్లు' కనిపించాయి. కాల్షియంతో సంబంధమే లేని ప్రోటీన్‌లో బహుమతి స్పందన ఎలా వస్తుంది? ఆ రోజు నాలుగు నెలల బొమ్మలు పక్కన పెట్టేశాను. చాలా బాధపడ్డాను. కానీ అవి పేపర్‌లో అచ్చయ్యాక తెలిసి ఉంటే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉండేది.

అందుకే మీ ప్రాజెక్టులో కనీసం రెండు జంతువులను జీఎఫ్‌పీ కంట్రోల్‌గా మొదటి రోజు నుంచే పెట్టుకోండి, చివర్లో సమీక్షకుడు అడిగాక కాదు. టూ-ఫోటాన్ అయితే ఎర్రటి టీడీటొమాటో లాంటి స్థిరమైన రంగును కూడా అవే కణాల్లో పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చ కలిసి తగ్గితే కదలిక, ఆకుపచ్చ మాత్రమే మారితే నమ్మే అవకాశం ఉంది. ప్రతి సెషన్ ముందు ఆ తలానికి పైనా కిందా చిన్న స్టాక్ (వరుస లోతుల్లో చిత్రాలు) తీసుకుంటే, సెషన్‌లో ఏ ఫ్రేము ఏ లోతులో ఉందో తర్వాత అంచనా వెయ్యొచ్చు. మినీస్కోప్‌లో ఈ సౌకర్యాలు తక్కువ, కాబట్టి జీఎఫ్‌పీ జంతువు అక్కడ ఇంకా ముఖ్యం. రక్తం విషయం కూడా మర్చిపోవద్దు. పరుగెత్తినప్పుడు రక్తనాళాలు వ్యాకోచిస్తాయి, హిమోగ్లోబిన్ ఆకుపచ్చ కాంతిని మింగుతుంది. జీఎఫ్‌పీ కంట్రోల్ దీన్ని కూడా బయటపెడుతుంది.

ఇంకో వైపు కూడా చెప్పాలి, లేకపోతే మీరు కదలికతో కలిసి వచ్చినదంతా చెత్త అనుకుంటారు. కదలిక మెదడును నిజంగానే మారుస్తుంది. 2010లో నీల్, స్ట్రైకర్ చూపించినదేమిటంటే, చిట్టెలుక నిలబడి ఉన్నప్పటి కంటే పరుగెడుతున్నప్పుడు దృశ్య కార్టెక్స్‌లోని చాలా న్యూరాన్ల స్పందన రెట్టింపు దాటుతుంది. కంటికి కనిపించే బొమ్మ అదే. 2019లో స్ట్రింగర్, పాకిటారియు బృందం అదే దృశ్య కార్టెక్స్‌లో పదివేలకు పైగా న్యూరాన్లను ఒకేసారి చూసింది. తెర మీద ఏమీ లేకపోయినా ముఖం కదలికలను బట్టే ఆ కణాల పనిలో గణనీయమైన భాగాన్ని అంచనా వేయగలిగారు. మీసాలు ఆడించడం, ముక్కు ముడవడం, ఇవన్నీ మెదడంతా వ్యాపిస్తాయి. ఆ ఫలితాలు చదివాక ముఖం కెమెరా లేకుండా నేను ఒక్క సెషన్ కూడా రికార్డు చెయ్యలేదు. మీరు 'జ్ఞాపకం' అని రాసే స్పందన నిజానికి నీళ్ళ మూల దగ్గరికి వచ్చేసరికి చిట్టెలుక వేగం తగ్గించడం కావచ్చు. వేగం, తల దిశ, నాకడం అన్నీ కలిపి మోడల్‌లో పెట్టి, అవి పోగా చోటుకు ఎంత మిగిలిందో చూపించాలి. స్వేచ్ఛగా తిరిగే జంతువుకి డీప్‌ల్యాబ్‌కట్ లాంటి సాధనంతో శరీర భాగాలను గుర్తించడం ఇప్పుడు సులువే.

సర్జరీ గురించి రెండు విషయాలు మాత్రం వివరంగా చెప్తాను, మిగతాది మీ ల్యాబ్‌లో చేతులు తిరిగినవాళ్ళ పక్కన నిలబడి నేర్చుకోవలసిందే. ఒకటి, వైరస్ మోతాదు. అందరూ సిగ్నల్ బాగా రావాలని, జీక్యాంప్ జన్యువును కణాల్లోకి చేర్చే ఏఏవీ అనే వైరస్‌ను చిక్కగా ఎక్కిస్తారు. రెండు మూడు వారాల్లో కణాలు దేదీప్యమానంగా వెలుగుతాయి, చూడముచ్చటగా ఉంటుంది. దగ్గరగా చూడండి. ఆరోగ్యమైన కణం ఉంగరంలా ఉంటుంది, అంచు వెలుగుతుంది, మధ్యలో న్యూక్లియస్ చీకటిగా ఉంటుంది. న్యూక్లియస్ కూడా నిండిపోయి కణం మొత్తం గుండుసూది తలలా మెరుస్తుంటే జీక్యాంప్ మితిమీరింది, ఆ కణం స్పందనలు నమ్మదగ్గవి కావు. ఎంతగా పలచన చెయ్యాలో రెండు మూడు జంతువుల్లో పరీక్షించి తేల్చుకోండి. పుట్టుకతోనే జీక్యాంప్ ఉండే జన్యు చిట్టెలుకలు వాడితే ఈ బాధ తగ్గుతుంది, కానీ వాటిలో కొన్ని రకాల్లో మూర్ఛను పోలిన పెద్ద తరంగాలు కార్టెక్స్‌లో వస్తాయని 2017లో బయటపడింది. ఏ లైన్ వాడుతున్నారో ముందే చదవండి.

రెండోది, ఓపిక. సీఏ1 కోసం ఒక మిల్లీమీటరు గ్రిన్ లెన్స్ (లోతున ఉన్న కణాల చిత్రాన్ని పైకి తెచ్చే సన్నటి గాజు కడ్డీ) దింపాలంటే పైనున్న కార్టెక్స్‌ను సెలైన్ పోస్తూ నెమ్మదిగా పీల్చాలి. తెల్లటి నార పోగులు ఒక దిశలో కనిపించగానే ఆగాలి. సన్నటి రక్తం చిమ్మితే పీల్చడం ఆపి, చల్లటి సెలైన్ పోసి నిమిషాల తరబడి కూర్చోవాలి. తొందరపడి రక్తం మీదే లెన్స్ దింపితే ఆరు వారాల తర్వాత కూడా గోధుమ రంగు తెర తప్ప ఇంకేమీ కనిపించదు. వాపు తగ్గి చిత్రం స్పష్టమవ్వడానికి మామూలుగానే మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారం చీకటిగా ఉందని జంతువును వదిలేయకండి. నొప్పి మందును షెడ్యూల్ ప్రకారం ఇవ్వండి. నొప్పితో ఉన్న జంతువు ప్రవర్తన మీ ప్రశ్నకు జవాబు కాదు, పైగా అది మన బాధ్యత.

ప్రవర్తన శిక్షణలో ఎక్కువమంది తొందరపడేది అలవాటు చేసే దశలో. నేను మొదటి మూడు నాలుగు రోజులు ఏ పరికరమూ పెట్టను. తోక పట్టుకుని ఎత్తను, రెండు చేతులూ దోసిలి పట్టి దానంతట అది ఎక్కేదాకా ఆగుతాను. మొదటి రోజు వేళ్ళ మధ్య నుంచి దూకేస్తుంది, అరచేతిలో పెంటికలు వేస్తుంది. రెండో రోజు కోటు చేతిలోకి దూరి కూర్చుంటుంది. మూడో రోజుకి అరచేతిలో కూర్చుని ముఖం కడుక్కోవడం మొదలుపెడుతుంది. అది కనిపించాక తల బిగించేది, అదీ మొదట ఐదు నిమిషాలు, తీపి నీళ్ళతో. వెన్ను వంచి, వెనక కాళ్ళతో అదే పనిగా తోస్తూ, కళ్ళు సగం మూసి ఉంటే ఆ రోజుకి అంతే. మీసాలు ఆడుతూ, చుక్క కోసం ముందే నాలుక చాస్తుంటే రేపు పది నిమిషాలు. మినీస్కోప్‌కీ ఇదే వర్తిస్తుంది, స్కోప్ బిగించే ఆ అర నిమిషం దానికి టెన్షన్ కాకూడదు. నీళ్ళు తగ్గించి శిక్షణ ఇస్తున్నారు కాబట్టి రోజూ బరువు చూసి రాయండి, అనుమతి పత్రంలో రాసుకున్న హద్దు కిందకు పోతే శిక్షణ ఆపి నీళ్ళివ్వాలి. చిట్టెలుకలు రాత్రి జీవులు, గది లైట్లు తిరగేసి వాటి రాత్రిలోనే సెషన్లు పెట్టుకోండి.

రోజుల తరబడి అవే కణాలను వెతకడం మీ ప్రాజెక్టుకు గుండెకాయ. 2013లో జివ్, ష్నిట్జర్ బృందం మినీస్కోప్‌తో సీఏ1ను 45 రోజులు గమనించింది. ఏ రెండు సెషన్లు తీసుకున్నా ఒక రోజు ప్లేస్ సెల్స్‌లో 15 నుంచి 25 శాతం మాత్రమే రెండో రోజూ ఆ జాబితాలో ఉన్నాయి. అలా మిగిలిన కణాలు మాత్రం తమ చోటును మార్చుకోలేదు. కాబట్టి మీ డేటాలో కణాలు మారిపోతుంటే మొదట భయపడకండి, అది హిప్పోక్యాంపస్ స్వభావం కావచ్చు. కానీ లెన్స్ కొద్దిగా వంగినా, ఫోకస్ ఐదు మైక్రాన్లు మారినా అచ్చం అలాగే కనిపిస్తుంది. ఈ రెంటినీ వేరు చెయ్యాలంటే ప్రతి రోజూ రక్తనాళాల చిత్రాన్ని పాత చిత్రం పక్కన పెట్టి ఫోకస్ సరిచేయండి. కణం కనిపించలేదు అన్నదీ, కణం కనిపించింది కానీ చోటు మారింది అన్నదీ వేర్వేరు ఖాతాల్లో రాయండి.

టైమింగ్ గురించి. మెదడు కెమెరా ఒక కంప్యూటర్‌లో, ప్రవర్తన కెమెరా ఇంకో కంప్యూటర్‌లో ఉంటే వాటి గడియారాలు మెల్లగా విడిపోతాయి, ఫ్రేములు కూడా మధ్యలో రాలిపోతాయి. సెషన్ మొదట్లో మాత్రమే చప్పట్లు కొట్టినట్టు ఒక సిగ్నల్ ఇస్తే సరిపోదు. ప్రతి ఫ్రేముకీ ఒక పల్స్ బయటికి తీసి, రెండు కెమెరాల పల్స్‌లనూ ఒకే రికార్డింగ్ పరికరంలో రికార్డు చెయ్యండి. ప్రవర్తన వీడియోలో మూలన ఒక చిన్న ఎల్ఈడీ యాదృచ్ఛికంగా వెలిగేలా పెట్టండి. ఏదైనా తేడా వస్తే దాన్ని చూసి సరిపెట్టుకోవచ్చు.

లెక్కల దగ్గర ఒకే హెచ్చరిక. నాలుగు చిట్టెలుకల నుంచి రెండు వేల కణాలు వస్తే మీ నమూనా రెండు వేలు కాదు. ఒకే జంతువులోని కణాలు ఒకే వైరస్ మోతాదును, ఒకే లెన్స్‌ను, ఒకే మూడ్‌ను పంచుకుంటాయి. జంతువును లెక్కలో ఉంచే మోడల్ వాడండి, ప్రతి జంతువు ఫలితాన్నీ విడిగా కూడా చూపించండి. ప్లేస్ సెల్ అని పిలవడానికి ముందు, అది యాదృచ్ఛికంగా వచ్చినది కాదని తేల్చడానికి సిగ్నల్‌ను కాలంలో గుండ్రంగా జరిపి వందల సార్లు పోల్చి చూడటం ఎలాగూ చేస్తారు.

మీ ప్రశ్న వేరే ఉంటే వేరే సాధనం చెప్పేవాణ్ణి. లోతున ఒక చోట డోపమిన్ మొత్తంగా ఎప్పుడు పెరుగుతుందో తెలిస్తే చాలనుకుంటే ఫైబర్ ఫొటోమెట్రీ (సన్నటి కాంతి తీగతో అక్కడి మొత్తం వెలుగును కొలిచే పద్ధతి), 405 నానోమీటర్ల కంట్రోల్ వెలుగుతో, చవకగా అయిపోతుంది. మెదడు మొత్తం కణాల స్థాయిలో కావాలంటే సుమారు లక్ష న్యూరాన్లున్న జీబ్రాఫిష్ పిల్ల. 2013లో ఆరెన్స్, కెల్లర్ లైట్-షీట్‌తో (పలచటి కాంతి పొరతో చూసే మైక్రోస్కోప్‌తో) దాని మెదడులో 80 శాతానికి పైగా న్యూరాన్లను చూశారు, మొత్తం మెదడును ఒకసారి చుట్టి రావడానికి 1.3 సెకన్లు పట్టింది. అవి మీ దారి కాదు.

మీ స్థానంలో నేనుంటే ఇలా చేస్తాను. పెట్టెలో తిరిగే పనికి మినీస్కోప్, జీక్యాంప్6ఎఫ్ పలచన చేసిన వైరస్, ఆరు జంతువులు, వాటితో పాటు రెండు జీఎఫ్‌పీ జంతువులు. ల్యాబ్‌లో ఉన్న టూ-ఫోటాన్‌ను వృథా చేయను. అదే గ్రిన్ లెన్స్ ఉన్న చిట్టెలుకను తల బిగించి టూ-ఫోటాన్ కింద కూడా పెట్టొచ్చు, మినీస్కోప్‌లో ఒకటిగా కనిపించిన మచ్చ నిజంగా ఒకే కణమా, రెండు కణాలు కలిసినవా అన్నది అక్కడ తేలిపోతుంది. న్యూక్లియస్ నిండిపోయిందా లేదా అన్నదీ అక్కడే చూడొచ్చు. ఈ మాట చెప్తే మీ గైడ్, మీ సీనియర్ ఇద్దరూ ఒప్పుకుంటారని అనుకుంటున్నాను. సర్జరీ తేదీ పెట్టుకోకముందు, లెన్స్ లేని మామూలు చిట్టెలుకలు నాలుగింటితో పెట్టె పనిని మొత్తం ఒకసారి నడిపించండి. నీళ్ళ మూలను అవి ఎన్ని రోజుల్లో నేర్చుకుంటున్నాయో, వారం తర్వాత ఎన్ని గుర్తుపెట్టుకున్నాయో ఆ అంకెలు ఇక్కడ రాస్తే, ఏ రోజు ఇమేజింగ్ చెయ్యాలి, ఏ రోజు స్కోప్ తీసేసి విశ్రాంతి ఇవ్వాలి అన్నది కలిసి చూద్దాం.